నీళ్లలో ఉంచిన బిళ్లలు

రెండు మిల్లీమీటర్ల మందం,
చొక్కా గుండీ అంత వెడల్పు.
నూట యాభై బిళ్లలు పోశాం.
నీలం వెలుగు ఇరవై సెకన్లు చూపిస్తే
మైనంలా సాగేది కాస్తా పన్నులా గట్టిపడింది.
"పన్నులా అనకు నెబహత్ అక్కా,
జిగురులో గాజుపొడి, అంతే" అన్నాడు ఒర్చున్.
నిజమే కావచ్చు.
నా ముందుపంటి మూల కూడా అదేనని
అప్పుడు చెప్పలేదు.

అదానాలో ఈ దంత కళాశాలకి
పదకొండేళ్లుగా తాళాలు తీసేది నేనే.
ఈ నెల నా పని సీసాలకి తాగించడం.
ఒకదానికి టీ, ఒకదానికి కాఫీ,
ఒకదానికి కోలా, ఒకదానికి షల్గమ్.
ఐదోదానికి ఉత్త నీళ్లు,
అవి కూడా మరిగించి, ఆవిరి పట్టి, రుచి చంపినవి.
ఒంటి వేడి అంత వెచ్చటి పెట్టెలో
మూతలు బిగించి పడుకోబెడతాను.
తెల్లారి పాతది పారబోసి కొత్తది.

షల్గమ్ కోసం వంతెన దగ్గర జుల్కుఫ్ బండికి వెళ్తాను.
ఊదా కేరెట్లు ఉప్పులో పులిసిన నీరు,
నేరేడు పండు తిన్న నాలుక రంగు.
"కారం వేయనా?"
"వద్దు."
"అదానాలో పుట్టి కారం వద్దంటావా?"
"తాగేది నేను కాదు, బిళ్లలు."
అతను నన్నోసారి చూసి
డబ్బులు లెక్కపెట్టుకున్నాడు.

తొమ్మిదో రోజుకి కాఫీవి ముసలివయ్యాయి.
టీ ఇంకా నయం అనుకున్నానా,
పట్టకారుతో ఎత్తి తెల్ల పలక మీద పెడితే
పాత ఉత్తరం మడతలాగా ఉంది.
కోలా నల్లగా ఉన్నందుకు భయపడ్డాను గానీ
అది రంగు కంటే నునుపునే ఎక్కువ తిన్నది.
గరుకైన చోటే కదా
దేనికైనా కాలు నిలిచేది.

ఆప్రికాట్ గింజ కొరికిన రోజు
నాకు ఇరవై ఆరు.
మా పినతల్లి కూతురి పెళ్లిలో, పందెం కాసి.
పందెం గెలిచాను. పన్ను మూల పోయింది.
డాక్టరు కిటికీ దగ్గర నిలబెట్టి
పంటి పక్కన పన్ను పెట్టి రంగు వెతికాడు.
ఆ పూట ఎవరూ పోల్చలేకపోయారు
ఏది నాది, ఏది అతికించినదో.
ఇప్పుడు చంటిపిల్లలు కూడా పోలుస్తారు.
పన్ను పన్నులాగే ఉంది,
అతుకు మాత్రం పదిహేనేళ్ల టీని
గ్లాసు గ్లాసుకీ లెక్క రాసుకుంది.
తాగిన ప్రతిదానికీ పన్ను కట్టేది పన్నే.
మెడలో వేలాడే కార్డు ఫొటోలో
నోరు మూసుకుని ఉన్నది
గాంభీర్యం వల్ల కాదు.

ఇరవై ఎనిమిదో రోజు.
ఒర్చున్ యంత్రం ఆనిస్తాడు, అంకె చెబుతాడు, నేను రాస్తాను.
పదకొండు. తొమ్మిదిన్నర. మళ్లీ పదకొండు.
నీళ్ల బిళ్లల వంతు వచ్చింది.
సున్నా పాయింట్ ఎనిమిది.
కలం ఆపాను. "ఉత్త నీళ్లే కదా?"
"నీళ్లే. జిగురు నీళ్లనీ పీలుస్తుంది.
ఇంత తేడా కంటికి ఆనదులే, రాసెయ్."
రాశాను.
ఏ మరకా లేనిదాంట్లో నానినా
మొదట ఉన్నట్టు ఎవరూ ఉండరన్నమాట.
ఈ మాట మాత్రం ఏ గడిలోనూ రాయలేదు.

ఆనక నేనే నోరు తెరిచాను.
అతను దీపం దగ్గరికి లాగి,
"మార్చక్కర్లేదు అక్కా, పైపైన సానపడితే చాలా మటుకు పోతుంది,
లోపలికి దిగింది మాత్రం ఉంటుంది" అన్నాడు.
ఐదు నిమిషాలు. పళ్ల మధ్య చిన్న గిరగిర.
పుక్కిలించి ఉమ్మితే
పళ్లెంలో లేత గోధుమ రంగు చార.
ఏ సంవత్సరం టీ అయ్యుంటుందో.

అద్దం చూసుకున్నాను.
కొత్తది కాలేదు. కానీ ఫర్వాలేదు.

సాయంత్రం వంతెన దగ్గర
జుల్కుఫ్ పెద్ద సీసా తీయబోయాడు.
"గ్లాసు చాలు."
"బిళ్లలకేనా?"
"నాకే," అన్నాను, పళ్లన్నీ కనబడేట్టు.
"కారం వెయ్యి."